ఆ బాల్కనీలో ఇద్దరూ దిగులుగా ఉన్నారా? విస్లర్ 'రోథర్‌హైత్' ఎచింగ్ గురించి

మీరు అడిగినవి రెండు. పాత పుస్తకంలో చూసిన ఒక నలుపు-తెలుపు బొమ్మ: నది ఒడ్డున కొయ్య బాల్కనీలో ఇద్దరు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు, ఒకడి దగ్గర పైపు ఉంది, వెనక ఓడల స్తంభాలు. మీ మిత్రుడు దాన్ని చూసి "పేదరికం, నిరాశ" అన్నాడు. మీకేమో వాళ్ళు తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటున్నట్టు అనిపించింది. ఇద్దరిలో ఎవరు సరిగ్గా చూశారన్నది మొదటి ప్రశ్న. బొమ్మ కూర్పు ఆ భావాన్ని ఎలా పుట్టిస్తుందన్నది రెండోది.

ముందే చెప్పేస్తాను, మీరే దగ్గరగా చూశారు. అయితే మీ మిత్రుడు అలా అనుకోవడానికీ కారణం ఉంది. అది చాలావరకు ఫోటోలోనూ అచ్చులోనూ ఉందని నా అనుమానం. ఎచింగ్ అంటే రాగిరేకు (ప్లేటు) మీద సూదితో గీసి, ఆ గీతలను ఆమ్లంతో తినిపించి, సిరా పూసి తుడిచి, కాగితం మీద అచ్చు తీసే బొమ్మ. అందులో భావం గురించి మాట్లాడేముందు నలుపు ఎక్కడినుంచి వచ్చిందో తేల్చుకోవాలి. చిత్రకారుడి సూది నుంచి వచ్చిందా, అచ్చు తీసినవాడి గుడ్డ నుంచా, మీ ఫోన్ కెమెరా నుంచా? ఈ మూడూ కలిసిపోతే ఏ బొమ్మయినా విషాదంగానే కనిపిస్తుంది.

మీరు పంపిన ఫోటోలోది జేమ్స్ మెక్‌నీల్ విస్లర్ 1860లో చేసిన ఎచింగ్. పేరు 'రోథర్‌హైత్'. ప్లేటు ఎత్తు సుమారు 27 సెంటీమీటర్లు, వెడల్పు 20. అంటే నోటుబుక్కు పేజీ కన్నా పెద్దదేం కాదు. గోడకు వేలాడదీసి దూరం నుంచి చూడమని చేసింది కాదు. చేతిలో పట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని చూసుకునే సైజు. మీ పుస్తకంలో దాన్ని ఇంకా కుదించి వేశారు. సన్నగీతల మధ్య ఉండాల్సిన తెల్ల సందులు అలా కుదించినప్పుడు మూసుకుపోతాయి, గీతలన్నీ అతుక్కుని మసిపూసినట్టవుతాయి. దిగులులో మొదటి వాటా అక్కడే పుట్టింది.

విస్లర్ అమెరికాలో పుట్టినవాడు, 1834లో, మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో. సైనిక పాఠశాల వెస్ట్ పాయింట్ నుంచి బయటికి పంపేశాక, 1854 చివర్లో అమెరికా తీరప్రాంత సర్వే కార్యాలయంలో చేరాడు. అక్కడ పటాలు రాగిరేకు మీద ఎచింగ్ చేసేవాళ్ళు. తీరం గీత ఎక్కడా తొణకకుండా, కొండ ఎత్తు కచ్చితంగా తెలిసేలా సూది ఎలా నడపాలో ఆయన నేర్చుకున్నది అక్కడే. ఆఫీసు ప్లేటు మీద తీరం గీస్తూ గీస్తూ, పైన ఖాళీగా ఉన్న ఆకాశంలో మనుషుల తలకాయలు గీశాడు. ఆ ప్లేటు నుంచి తీసిన అచ్చులు ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని నెలలకే ఆ ఉద్యోగం వదిలేసి 1855లో పారిస్ చేరాడు. ఈ సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. 'రోథర్‌హైత్'లోనూ దూరపు ఒడ్డును చూసే కన్ను సర్వేయరుది, దగ్గరి మనుషులను చూసే కన్ను ఆ తలకాయలు గీసిన కుర్రవాడిది.

1859లో ఆయన మకాం లండన్‌కు మారింది. అక్కా బావల ఇల్లు అక్కడే. బావ ఫ్రాన్సిస్ సీమోర్ హేడెన్ వృత్తికి శస్త్రవైద్యుడు, ఎచింగ్‌లోనూ గట్టివాడు. పెద్దింటి సౌఖ్యం వదిలి విస్లర్ థేమ్స్ నది దిగువ ఓడరేవుల్లో తిరిగాడు. వాపింగ్, లైమ్‌హౌస్, రోథర్‌హైత్. మర్యాదస్తులు అటు వెళ్ళేవారు కాదు. అంతకు ముందటేడు, 1858 వేసవిలో, ఊరి మురుగంతా కలిసి థేమ్స్ ఎంత కంపు కొట్టిందంటే పార్లమెంటు భవనం కర్టెన్లను సున్నపు మందులో తడిపి వేలాడదీశారు. ఆ నది ఒడ్డు సంగతి మనం చెప్పుకుంటున్నది. కొయ్య కట్టడాలు, గిడ్డంగులు, పడవలు, తాళ్ళు, తారు. రోథర్‌హైత్ వైపు నది అంచున 'ఏంజెల్' అనే సారాయి అంగడి ఉండేది. ఇప్పటికీ ఉంది. మన ఇద్దరు మనుషులూ కూర్చున్నది ఆ ఏంజెల్ బాల్కనీలోనే. ఎదురుగా నది, అవతల వాపింగ్.

ఇక నలుపు సంగతి.

ఎచింగ్ ఎలా చేస్తారో మీకు తెలిసే ఉంటుంది, అయినా భావానికి సంబంధించినంతవరకు చెప్తాను. రాగిరేకు మీద మైనం, రాళం కలిసిన పల్చటి పూత పూస్తారు. దాన్ని గ్రౌండ్ అంటాం. సూదితో గీస్తే పూత మాత్రమే లేస్తుంది, రాగి బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ముంచితే బయటపడ్డ చోట రాగిని తింటుంది. ఎక్కువసేపు ఉంచితే గాడి లోతవుతుంది, వెడల్పూ అవుతుంది, ఎక్కువ సిరా పట్టుకుంటుంది, నల్లగా అచ్చవుతుంది. దూరంగా కనిపించాల్సిన గీతలు కాస్త తిన్నాక, వాటి మీద వార్నిషు పూసి ఆపేస్తారు. మిగతావాటిని మళ్ళీ ముంచుతారు. కాబట్టి ఎచింగ్‌లో నలుపంటే ఒక విధంగా ఆమ్లంలో గడిపిన సమయం. ఏది ముందు ఆపాలి, ఏది ఇంకా తిననివ్వాలి అన్నది చిత్రకారుడి నిర్ణయం. అది బొమ్మలో శాశ్వతంగా ఉంటుంది, ఏ అచ్చులో చూసినా ఉంటుంది.

దీని తర్వాతిది అచ్చు తీసేవాడి పని. రేకు నిండా సిరా పూసి, గాళ్ళలో ఉన్నది ఉంచి, పైనున్నది గరుకు గుడ్డతో తుడిచేస్తారు. శుభ్రంగా తుడిస్తే గీతల మధ్య కాగితం తెల్లగా మెరుస్తుంది. కొంచెం సిరా పొర ఉంచేస్తే మొత్తం మీద పొగమంచులాంటి ఛాయ వస్తుంది. ఒకే ప్లేటు నుంచి పొద్దున తీసినది మధ్యాహ్నపు ఎండలా, సాయంత్రం తీసినది మసక చీకటిలా ఉండవచ్చు. నా విద్యార్థులు వాదించుకునేది తరచూ ఇక్కడే. ఇద్దరి చేతుల్లో రెండు వేర్వేరు అచ్చుల ఫోటోలుంటాయి, బొమ్మ ఒకటే అనుకుని భావం గురించి పోట్లాడుకుంటారు.

విస్లర్ విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. 1879-80లో వెనిస్ వెళ్ళి చేసిన ఎచింగ్‌లలో ఆయన తుడుపునే చిత్రకళగా మార్చేశాడు. గీతలు కొద్దిగా ఉంటాయి, రాత్రి అంతా రేకు మీద వదిలిన సిరా పొరే. 1859-60 నాటి థేమ్స్ ప్లేట్లు అలా చేసినవి కావు. అవి గీత మీద నిలబడ్డ బొమ్మలు. శుభ్రంగా తుడిచిన అచ్చులో వాటి అందం తెలుస్తుంది: పగటి వెలుగు, గాలి, నీటి మీద తళుకు. మీ పుస్తకంలోని బొమ్మ అడుగున బూడిదరంగు పొర ఉంది చూడండి. దానికి తోడు పేజీ పసుపెక్కింది. ఫోటో తీసినప్పుడు మీ గదిలో ట్యూబ్‌లైట్ లేదేమో, పైమూల ఇంకా నల్లబడింది. వీటన్నిటినీ మనసులో తీసేసి చూడండి. మీ మిత్రుడు చూసిన సంధ్యాసమయం చాలావరకు మాయమవుతుంది.

ఇప్పుడు మిగిలిన నలుపు గురించి, అంటే ఆయన ఆమ్లంతో తినిపించిన నలుపు గురించి మాట్లాడదాం.

మొదట బొమ్మ ఆకారం చూడండి. నది బొమ్మంటే ఎవరైనా రేకును అడ్డంగా పెట్టుకుంటారు. నది అడ్డంగా పారుతుంది, ఒడ్డు అడ్డంగా సాగుతుంది, ఆకాశం అడ్డంగా పరుచుకుంటుంది. ఆయన థేమ్స్ ప్లేట్లు చాలావాటిలో అలానే పెట్టాడు. ఇందులో మాత్రం రేకును నిలబెట్టాడు. ఈ ఒక్క నిర్ణయంతో భావం సగం తయారయింది. నిలువు చట్రంలో నది సాగడానికి చోటు లేదు. ఎడమకూ కుడికీ పరుగెత్తే చూపు ఆగిపోయి, కిందినుంచి పైకి, దగ్గరనుంచి దూరానికి ఎక్కుతుంది. మనుషులు కింద, చాలా దగ్గరగా, దాదాపు మన మోకాళ్ళకు తగిలేంత ముందుకు ఉన్నారు. వాళ్ళ వెనక బాల్కనీ కొయ్యలు నిలువుగా, ఆ వెనక స్తంభాలు నిలువుగా, వాటి మధ్య తాళ్ళు ఏటవాలుగా. నిలువు గీతలు ఇన్ని ఉన్నా బొమ్మ గట్టిపడిపోలేదు. కూర్చున్న ఒళ్ళు రెండూ ఆ నిలువులకు లొంగలేదు కాబట్టి. వాళ్ళ వీపులు, భుజాలు, మోచేతులు వంకరగా, బరువుగా కిందికి దిగి ఉన్నాయి. లోకమంతా నిటారుగా నిలబడి ఉంటే ఇద్దరు మాత్రం చతికిలబడ్డారు. విశ్రాంతి అన్న మాట మీకు స్ఫురించింది ఇందుకే. వాళ్ళ ముఖాల వల్ల కాదు.

నిజానికి ముఖాల దగ్గర మీరు ఎంతసేపు ఆగారో గుర్తు చేసుకోండి. ఎక్కువసేపు ఆగి ఉండరు. అక్కడ పెద్ద హావభావం ఏమీ లేదు. ఎత్తిన చెయ్యి లేదు, బిగించిన పిడికిలి లేదు, బల్ల మీద గుద్దుతున్నవాడు లేడు. సంభాషణను బొమ్మలో పెట్టాలంటే మామూలుగా చిత్రకారులు చేతులను వాడతారు. ఒకడు వేలు చూపిస్తాడు, రెండోవాడు అరచెయ్యి తిప్పుతాడు, మనకు వాదన వినిపిస్తుంది. అదే కాలంలో పారిస్‌లో మెస్సోనియే వంటి చిత్రకారులు పాతకాలపు దుస్తులు వేయించి, పొగ తాగేవాళ్ళనీ చదరంగం ఆడేవాళ్ళనీ చిన్నచిన్న బొమ్మల్లో వేసి బోలెడు డబ్బు చేసుకున్నారు. అందులో బొత్తాం బొత్తాం లెక్కపెట్టవచ్చు. నేర్పు గొప్పదే, నాకు మాత్రం అవి అద్దాల బీరువాలో బొమ్మల్లా ఉంటాయి. విస్లర్ దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్ళాడు. మాట్లాడుతున్నారని చెప్పడానికి ఆయన వాడింది దగ్గరితనం, పైపు. అంతే.

పైపు సంగతి కొంచెం ఆలోచించండి. మట్టిపైపు ఓడరేవు మనుషుల చేతిలో మామూలు వస్తువే. పేదవాడి గుర్తనుకుంటే అంతవరకే అవుతుంది. కానీ బొమ్మలో పైపు చేసే పని వేరు. నోట్లో పైపు ఉన్నవాడు గబగబా మాట్లాడలేడు. ఒక మాట అంటాడు, పీలుస్తాడు, అవతలివాడు అందుకుంటాడు, లేదా అందుకోడు. అంటే ఈ సంభాషణలో సందులు ఉన్నాయి. మన ఊళ్ళలో రచ్చబండ మీద ఇద్దరు పెద్దవాళ్ళు గంటసేపు కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకుని, బాగా మాట్లాడుకున్నామని లేచి వెళ్తారే, ఆ రకం మాట ఇది. పోట్లాట కాదు, రహస్యం కాదు, వ్యాపారం కూడా కాదనుకుంటాను. పిచ్చాపాటీ. మీరు "తీరిగ్గా కబుర్లు" అన్నది అక్షరాలా సరిపోయింది.

మరి ఇది ఉత్త తీరిక బొమ్మేనా? కాదు. మీ మిత్రుడికి ఏదో బరువు తగిలిందంటే దానికో చోటు ఉంది. ఆ బరువు మనుషుల్లో లేదు, వాళ్ళ వెనక ఉంది. చేత్తో ఆ ఇద్దరినీ కప్పేసి మిగిలింది చూడండి. స్తంభాలు, తెరచాప కొయ్యలు, తాళ్ళు, పడవలు, అవతలి ఒడ్డున ఒకదాన్నొకటి తోసుకుంటున్న కట్టడాలు. ఊపిరాడనంత ఇరుకు. ప్రపంచంలోకెల్లా పెద్ద రేవుల్లో ఒకటి పని చేస్తున్న తీరు అది. ఇప్పుడు చెయ్యి తీసి, వెనకభాగాన్ని కాగితంతో కప్పండి. ఏ పల్లెటూరి అరుగు మీదైనా కనిపించే ఇద్దరు మనుషులు. రెండూ కలిసినప్పుడు పుట్టేది నిరాశ కాదు, ఒక పొందని పొత్తు. అంత హడావుడి పక్కన, దానిలో భాగమైన మనుషులే, కాసేపు దానికి వీపు చూపించి కూర్చున్నారు. రేవు పని మళ్ళీ పిలుస్తుంది. ఇప్పుడు మాత్రం పిలవడం లేదు. ఈ తాత్కాలికత బొమ్మకు అంచు ఇచ్చింది. అది లేకపోతే ఇది సెలవురోజు పోస్టుకార్డు అయ్యేది.

ఈ పద్ధతి ఆయన కావాలని ఎంచుకున్నదే. 1859లో చేసిన 'బ్లాక్ లయన్ వార్ఫ్' పక్కన పెట్టుకుని చూడండి. అందులో ముందు ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఆయన్నీ, చుట్టూ ఉన్న పడవనీ తేలిక గీతలతో వదిలేసి, అవతలి ఒడ్డున ఉన్న గిడ్డంగులను మాత్రం కిటికీ కిటికీ, చెక్క చెక్క లెక్కగట్టి వేశాడు. మామూలుగా దగ్గరిది స్పష్టంగా, దూరంది మసకగా వేస్తాం. అక్కడ తిరగేశాడు. ఫలితంగా ఆ మనిషి ఒంటరిగా, దాదాపు పారదర్శకంగా అనిపిస్తాడు. (ఆ బొమ్మను మీరు ఇంకోచోట కూడా చూసే ఉంటారు. 1871లో విస్లర్ తన తల్లిని పక్కనుంచి చిత్రించిన ప్రసిద్ధ చిత్రంలో, వెనక గోడకు చట్రం కట్టి వేలాడుతున్నది అదే ఎచింగ్.) 'రోథర్‌హైత్'కు వచ్చేసరికి మనుషులకు బరువు ఇచ్చాడు. ముందున్నవాళ్ళ మీద గీతలు గట్టిగా పడ్డాయి. ఏడాది తేడాలో వచ్చిన మార్పు ఇది. మనిషి ఇక రేవుకు కొలబద్ద కాదు, రేవుతో సమానమైన పాత్ర. అదే 1859లో 'లాంగ్‌షోర్‌మెన్' అని ఇంకో ప్లేటు చేశాడు. రేవు కూలీలు అంగడిలో బల్ల దగ్గర కూర్చుని ఉంటారు. అది లోపలి బొమ్మ, నది లేదు. మనుషులు దట్టంగా ఉన్నా నాకు అందులో భావం ఇంత నిలకడగా అనిపించదు. గది నాలుగు గోడల మధ్య తీరిక సహజమే. నది ఎదురుగా ఉన్నప్పుడే దానికి విలువ.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నలో దాగి ఉన్న మూడో ప్రశ్న: "అసలు వాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారు?" దీనికి జవాబు విస్లర్ చేతులారా తీసేశాడని నేను చెప్పగలను, ఎందుకంటే అదే బాల్కనీలో ఆయన వేసిన మరో చిత్రం ఉంది. పేరు 'వాపింగ్'. తైలవర్ణ చిత్రం, 1860లో మొదలుపెట్టి 1864 దాకా మారుస్తూనే ఉన్నాడు. ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. అందులో బల్ల చుట్టూ ముగ్గురు: ఆయన స్నేహితురాలు జో హిఫర్నన్, చిత్రకారుడు అల్ఫోన్స్ లెగ్రో, ఒక నావికుడు. వెనక అవే స్తంభాలు, అదే నది. ఆ చిత్రం గురించి పారిస్‌లోని చిత్రకార మిత్రుడు ఫాంతాన్-లాతూర్‌కు రాసిన ఉత్తరంలో, ఆమె ముఖంలో తెప్పించాలనుకుంటున్న భావాన్ని వివరించాడు. నావికుడు ఏదో చెబుతుంటే ఆమె ఎగతాళిగా, "సరేలే, నీలాంటి వాళ్ళని చాలామందిని చూశాను" అన్నట్టు ఉండాలన్నది ఆయన కోరిక. ఈ ఆలోచన గురించి మరో చిత్రకారుడు కూర్బేకు చెప్పవద్దని కూడా హెచ్చరించాడు. అంటే ఆ చిత్రంలో సంభాషణకు విషయం ఉంది. ఆడది, మగవాడు, బేరం, ఎగతాళి. కానీ దాన్ని అంతకాలం మార్చి మార్చి వేసి, చివరికి ఆ ఎగతాళి ముఖాన్ని బాగా నెమ్మదింపజేశాడు. ప్రదర్శనకు పెట్టేనాటికి కథ చాలావరకు ఆవిరైపోయింది.

ఎచింగ్‌లో అంత దూరం వెళ్ళాల్సిన అవసరమే రాలేదు. ఆడమనిషి లేదు, బల్ల మీది బేరం లేదు. ఇద్దరు మగవాళ్ళు మిగిలారు. కథ పోయాక మిగిలేది వాళ్ళు కూర్చున్న తీరు. పేరు కూడా చూడండి: 'రోథర్‌హైత్' అనేది ఊరి పేరు. 'ఇద్దరు మిత్రులు' అనో 'పని దొరకని రోజు' అనో పెట్టలేదు. అప్పటి ఇంగ్లండ్ ప్రేక్షకులు బొమ్మలో కథ వెతికేవాళ్ళు. ఎవరు చనిపోయారు, ఎవరు మోసపోయారు, ఉత్తరంలో ఏముంది అని. ప్రదర్శనశాలల్లో అలాంటి బొమ్మలకే జనం గుమిగూడేవారు. దానికి విస్లర్ జీవితాంతం ఎదురు నిలిచాడు, తర్వాతి రోజుల్లో సంగీతం పేర్లు పెట్టడం దాకా వెళ్ళాడు. ఆ దారి మొదలు ఇక్కడే కనిపిస్తుంది.

పేదరికం మాటకు వస్తాను. ఆ రేవుల్లో కూలీ బతుకు ఎంత అనిశ్చితమో నాకు తెలియక కాదు. రోజూ పొద్దున గేటు ముందు గుంపుగా నిలబడితే, మేస్త్రీ వేలు చూపించినవాడికే ఆ పూట పని. దీని గురించి హెన్రీ మేహ్యూ అనే పాత్రికేయుడు ఈ ఎచింగ్‌కు పదేళ్ళ ముందే వివరంగా రాశాడు. 1889లో గంటకు ఆరు పెన్నీల కోసం రేవు కూలీలు చేసిన పెద్ద సమ్మె కూడా ఆ అనిశ్చితిలోంచి పుట్టిందే. అయినా, ఈ చరిత్ర తెలుసుకున్నాక దాన్ని తిరిగి ఈ ఇద్దరి ముఖాల మీద పులిమితే, బొమ్మ చెప్పనిది చెప్పించినట్టవుతుంది. కూలివాడు కూర్చుంటే అది నిరాశే అనుకోవడం, పెద్దమనిషి కూర్చుంటే అది విశ్రాంతి అనుకోవడం మన అలవాటు. మీ మిత్రుడితో ఈ మాట నేనన్నానని చెప్పండి, కోపగించుకున్నా పర్వాలేదు. టోపీ, దుస్తులు మార్చి అదే భంగిమలో ఇద్దరు జమీందార్లను కూర్చోబెట్టి ఉంటే ఆయన ఏమనేవాడో అడగండి.

ఫ్రెంచి కవి బోదిలేర్ ఈ థేమ్స్ ఎచింగ్‌లను 1862లో పారిస్‌లో చూసి రాశాడు. ఆయనకు నచ్చింది తాళ్ళ చిక్కు, పొగ, మంచు, ఒక మహానగరపు లోతైన, చిక్కుముడి కవిత్వం. జాలి గురించి ఏమీ లేదు. కవి కాబట్టి వెనకభాగాన్నే చూశాడు. నేనైతే ముందున్న ఇద్దరి గురించి ఇంకో వాక్యం రాసి ఉండాల్సిందంటాను. ఈ ప్లేట్లను లండన్‌లో ఎల్లిస్ అండ్ గ్రీన్ సంస్థ 1871లో పదహారు ఎచింగ్‌ల సంపుటిగా వేసింది. 'థేమ్స్ సెట్' అని పిలిచేది దాన్నే. 'రోథర్‌హైత్' అందులో ఉంది. అందువల్ల మీకు దొరికే అచ్చుల్లో 1860 ప్రాంతపు తొలి అచ్చులూ ఉంటాయి, సంపుటి నాటివీ ఉంటాయి. వ్యాసం రాసేటప్పుడు ఏ అచ్చు చూసి రాశారో ఒక్క వాక్యంలో చెప్పడం మంచిది.

కూర్పు గురించి ఇంకొక్కటి, చాలామంది మరిచిపోయేది. రేకు మీద గీసింది కాగితం మీద అద్దంలోలా తిరగబడి పడుతుంది. కుడిది ఎడమవుతుంది. కొందరు చిత్రకారులు ముందే తిప్పి గీసుకుంటారు. విస్లర్ థేమ్స్ ఒడ్డున రేకును చేతపట్టుకుని, కళ్ళకు కనిపించింది కనిపించినట్టే గీసేవాడు. అందుకే ఆయన ఎచింగ్‌లలో నది ఒడ్డు తారుమారుగా ఉంటుంది, లండన్ తెలిసినవాళ్ళకు వెంటనే పట్టుబడుతుంది. ఆయనకు అది పట్టలేదు. బొమ్మ కుదిరితే చాలు, పటం కావాలంటే సర్వే ఆఫీసుకు వెళ్ళమనే మనిషి. మీకు దీనివల్ల ఒక ఉపయోగం ఉంది. ఫోన్‌లో బొమ్మను అద్దంలా తిప్పండి. అప్పుడు కనిపించేది ఆయన ఆ రోజు బాల్కనీలో కూర్చుని చూసిన దృశ్యం. రెండింటినీ మార్చి మార్చి చూడండి. మన చూపు ఎడమనుంచి కుడికి నడవడం అలవాటైనది కదా, ఒక వైపు చూస్తే మనుషుల దగ్గర మొదలై నదిలోకి వెళ్తుంది, ఇంకో వైపు చూస్తే వేరే దారి పడుతుంది. ఏ దారిలో మనుషుల దగ్గర ఎక్కువసేపు ఆగుతున్నారో గమనించండి. "ఎడమనుంచి కుడికి కదిలే కూర్పును చిత్రకారుడు ఉద్దేశించాడు" అని పుస్తకాల్లో కనిపించే వాక్యాలను ఎచింగ్ విషయంలో గుడ్డిగా నమ్మకూడదన్నది కూడా దీనితో తెలుస్తుంది. ఆయన ఉద్దేశించినది ఒక వైపు, మనకు అందింది రెండో వైపు.

అలాగే బొమ్మలో కనిపించే ప్రతి చుక్కా, గీతా భావం కోసం పెట్టినది కాదు. గ్రౌండ్ సరిగ్గా అంటుకోని చోట ఆమ్లం దొంగతనంగా దూరి చిన్నచిన్న గుంటలు చేస్తుంది. అవి అచ్చులో దుమ్ములా పడతాయి. ఆకాశంలో అలాంటివి ఉంటే వాన అనో పొగ అనో రాసిన వ్యాసాలు నేను దిద్దాను. ముందు అది ప్లేటు ప్రమాదమా, ఆలోచించి గీసిందా చూసుకోవాలి. ఉద్దేశపూర్వకంగా గీసిన గీతకు దిశ ఉంటుంది, పక్కగీతతో సంబంధం ఉంటుంది. ప్రమాదానికి ఉండదు.

పుస్తకంలోని బొమ్మతో ఇవన్నీ పూర్తిగా తేలవు. గ్లాస్గో విశ్వవిద్యాలయం విస్లర్ ఎచింగ్‌లన్నిటినీ, ప్లేటు మారుతూ వచ్చిన దశలతో సహా, ఆన్‌లైన్‌లో పెట్టింది. వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలోనూ పెద్ద సేకరణ ఉంది. పెద్ద సైజులో తెరిచి, మనుషుల భుజాల దగ్గరా, దూరపు గిడ్డంగుల దగ్గరా గీతల మందాన్ని పోల్చండి. ఇంకా మంచిది, ఏదో ఒక అసలు ఎచింగ్‌ను కాగితం మీద చూడటం. ఎవరిదైనా పర్వాలేదు. హైదరాబాద్‌లో ఉంటే చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లు గ్యాలరీల్లో అప్పుడప్పుడు కనిపిస్తాయి. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన ఆయన పల్లె మనుషులనూ మేకలనూ చెట్లనూ గీతతోనే ఎంత దట్టంగా అల్లుతాడో చూస్తే, గీత సాంద్రత భావాన్ని ఎలా మోస్తుందో పుస్తకం అక్కర్లేకుండా అర్థమవుతుంది. కాగితాన్ని పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకోమని అడగండి. ప్లేటు నొక్కిన అంచు చుట్టూ పల్లంగా కనిపిస్తుంది, గట్టిగా తినిపించిన గీతలు కాగితం మీద కాస్త ఉబ్బి ఉంటాయి. ఫోటోలో ఆ ఉబ్బు ఉండదు.

మీ వ్యాసంలో 'విషాదం' అన్న మాట తీసేయమంటాను. 'ప్రశాంతం' అని కూడా రాయవద్దు, అది మరీ మెత్తన. నేనైతే ఇలా మొదలుపెడతాను: రేవు పని మధ్యలో దొరికిన ఖాళీలో ఇద్దరు మనుషులు, నిలువు చట్రం వాళ్ళను మనకు దగ్గరగా తెచ్చింది, వాళ్ళ ఒళ్ళ బరువు, వెనకనున్న స్తంభాల నిటారుతనం ఒకదానికొకటి ఎదురు నిలిచాయి, మాటలు ఏమిటో చిత్రకారుడు చెప్పలేదు, చెప్పదలచుకోలేదు. దీని తర్వాత మీరు కళ్ళతో చూసినవే సాక్ష్యంగా పెట్టండి. మెరుగైన ఫోటో దొరికితే, ముందున్న ఇద్దరి భుజాల దగ్గర దగ్గరగా తీసి పంపండి. ఆ గీతలు ఒకేసారి తినిపించినవా, రెండో విడత ముంచి లోతు చేసినవా అన్నది కలిసి చూద్దాం.